చూసినంత మేర

పెదనాన్న కొడుకు బమ్మిడి లోకనాథం చెయ్యాల్సిన పని జీవోకి మూడు రోజుల ముందే గుట్టుగా చేసుకోకుండా తమ్ముడికి ఒక్క ముక్క చెప్పి ఉంటే, కోపెన్‌హాగెన్‌లో ఒక కాలవ గట్టు చూసినందుకు బమ్మిడి అప్పలనర్సయ్యకి యాభై ఎనిమిది సెంట్ల జీడితోట పోయి ఉండేది కాదు. పరాయి ఊరు ఎంత మేర చూస్తే సొంతూళ్ళో అంత మేర భూమి తగ్గిపోవడం అప్పటికే పాత సంగతి. జీవో వచ్చి పద్నాలుగు నెలలైంది, జనం అలవాటు పడ్డారు. అలవాటు పడనిదల్లా భూమి తగ్గేవాళ్ళ జాబితాలో లోకనాథం పేరు లేకపోవడం.

ఈదులగెడ్డ సముద్రపు ఒడ్డున విహార నౌకల రేవు కట్టాలని ప్రభుత్వం అనుకుంది. దానికి నలభై ఒక్క మంది రైతుల భూమి కావాలి. డబ్బిస్తే ఖర్చైపోతుంది. భూమికి భూమి ఇద్దామంటే భూమి లేదు. చూసినది మాత్రం మనిషికి చచ్చేదాకా ఉంటుంది, కోర్టులు కూడా దాన్ని వెనక్కి తీసుకోలేవు. అందుకని పరిహారం దృశ్యరూపంలో చెల్లించాలని నిర్ణయించారు. రేవు కోసం భూమి ఇచ్చేవాడికి రేవులే చూపించడం న్యాయమని జీవో రెండో పేరాలో రాశారు. ఉత్తర ఐరోపాలో నాలుగు రేవు పట్నాలు, పదకొండు రోజులు, తిండీ పడకా ఓడలోనే.

లెక్క కష్టమైందేమీ కాదు. కంటికి ఆనిన నేలంతా కొలతలోకి వస్తుంది. ఎత్తు రాదు, అంచేత చర్చి గోపురం ఎంత పొడుగైనా దాని అడుగు మేరే పోతుంది. కదిలేవి రావు, కాబట్టి ట్రాము బళ్ళూ పావురాలూ కవాతు చేసే సిపాయిలూ ఉచితం. సముద్రం పోరంబోకు గనక అదీ రాదు. ఈ ఒక్క మినహాయింపు లేకపోతే ఓడ ఎక్కిన అరగంటకే నలభై ఒక్క మందీ కూలీలైపోయేవారని సర్వేయరు గోవర్ధన్ బయల్దేరే ముందు మైకులో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

పది సెంట్లకి తగ్గితే పాసుపుస్తకం రద్దవుతుంది. పుస్తకం లేనివాడు రైతు కాడు. తుఫానుకి వాడి చెట్టు కూలినా కూలినట్టు కాదు.

రానని మొండికేసిన వాళ్ళకి పంచాయతీ ఆఫీసు గోడ మీద తెర కట్టి నాలుగు పట్నాలూ ఒకేసారి చూపిస్తారు. దానికి ఇంటిల్లిపాదీ హాజరు కావాలి, ఎన్ని జతల కళ్ళు చూస్తే అన్ని లెక్కలు. ఓడ ఎక్కితే ఒక్కడి కళ్ళతో పోతుంది. అందుకని అందరూ ఇష్టపూర్వకంగానే ఎక్కారు. ఇష్టపూర్వకంగా అన్న మాట సంతకం దగ్గర అచ్చేసే ఉంది.

లోకనాథం గ్రామాభివృద్ధి సంఘం అధ్యక్షుడు. జీవో రావడానికి మూడు రోజుల ముందు తన తొమ్మిదెకరాలూ మేనత్త చామంతమ్మ పేర రిజిస్టరు చేయించాడు. చామంతమ్మకి ఆరో ఏట మశూచి వచ్చి రెండు కళ్ళూ పోయాయి. సంగతి తెలిసి అప్పలనర్సయ్య అన్న ఇంటికి పరిగెత్తాడు. ఆవిడ అతనికీ మేనత్తే.

"అన్నియ్యా, నా రెండెకరాల ముప్ఫై ఏడు సెంట్లు కూడా అత్త పేర ఎట్టించేద్దునా?"

"అత్త పేరు నిండిపోనాది తమ్ముడూ," అన్నాడు లోకనాథం, నిజంగా బాధపడుతున్నట్టే. "ఒక మనిషి పేర తొమ్మిదెకరాలే. ముందు సెప్పవలిసింది."

"ముందు నాకెలా తెలుస్తాది? నీకెలా తెలిసినాదేటి?"

"పేపరు సదువుతాను కదరా. నువ్వు మూడో తరగతి కాడే బడి ఎగ్గొట్టినావు."

జీవో వచ్చేముందు ఏ పేపరులోనూ రాలేదు. అది తెలుసుకోడానికి మాత్రం మూడో తరగతి సరిపోయింది.

బయల్దేరే రోజు పెళ్ళాం దాలమ్మ అతని సంచిలో చింతకాయ పచ్చడి సీసా పెట్టి, పాత తువ్వాలొకటి మడిచి పైన పెట్టింది. "కళ్ళకి కట్టుకోడానికి. కళ్ళు మూసుకునెల్లు, మూసుకుని రా. ఊరు సూడకపోతే ఎవులూ సచ్చిపోరు. పది సెంట్లు మిగిల్చి తే, సాలు."

చామంతమ్మ పేర తొమ్మిదెకరాలు ఉన్నాయి కాబట్టి ఆవిడ కూడా పరిహారం అందుకోక తప్పదు. ఓడ వాళ్ళు ఆవిడకి చక్రాల కుర్చీ ఇచ్చారు. ఆవిడ శుభ్రంగా నడవగలదు, కానీ ఉచితంగా ఇచ్చింది కాదనడం మర్యాద కాదని కూచుంది. రక్తసంబంధీకుడు గనక కుర్చీ తొయ్యడం అప్పలనర్సయ్య విధి అని గోవర్ధన్ పుస్తకంలో రాసుకున్నాడు. తొయ్యాలంటే కళ్ళు తెరవాలి.

"నువ్వు మూసుకోరా నర్సిగా, నాను దారి సెప్తాను," అంది చామంతమ్మ. "అరవయ్యేళ్ళ నుంచీ కళ్ళు నేకుండా నడుస్తన్నాను. నీకు కొత్త గానీ నాకు కొత్తేటి?"

ఓడ పదకొండు అంతస్తులు. దాని పక్కన నిలబడితే ఏది ఓడో ఏది ఊరో తెలియదు. అందుకని ఎక్కడ ఓడ అయిపోయి ఎక్కడ పరిహారం మొదలవుతుందో తెలిసేలా గోవర్ధన్ దిగే మెట్ల చివర సుద్దముక్కతో గీత గీసేవాడు. గీత దాటాక అతను రైతుల వెనకే నడుస్తాడు. ఎవరి మెడ ఎటు తిరిగిందీ, ఎంతసేపు నిలిచిందీ కొలిచి, సాయంత్రం ఓడ ఎక్కేటప్పుడు చూసినట్టు రసీదు మీద వేలిముద్ర వేయిస్తాడు.

మొదటి ఊరు కోపెన్‌హాగెన్. అప్పలనర్సయ్య తువ్వాలు కట్టుకునే దిగాడు. కానీ మొదటి ఊరు కదా. ఒకసారి పైకి ఎత్తాడు. కాలవ, కాలవ గట్టున వరసగా ఇళ్ళు, ఒకటి ఎర్రది, ఒకటి పసుపుది, ఒకటి నీలంది, పెళ్ళికి వచ్చిన ఆడవాళ్ళు బంతిలో కూచున్నట్టు ఉన్నాయి. తువ్వాలు దించేలోపు జేబులో ఫోను మోగింది.

"తూరుపు హద్దురాయి నడిసొచ్చేసినాది," అంది దాలమ్మ. ఆవిడ గొంతులో కంగారు లేదు, అందరి పొలాల్లోనూ ఆ మధ్యాహ్నం రాళ్ళు నడుస్తూనే ఉన్నాయి. "ఇరవైమూడు జీడిసెట్లు అవతలికి పోనాయి. ఏటి సూసినావు?"

"ఇళ్ళే."

"మనకిల్లు నేదేటి?"

రాజుగారి కోట ముందు మరో నలభై సెంట్లు పోయాయి. సిపాయిలు కదులుతున్నారు కదా ఉచితమే అని రైతులంతా ధీమాగా కళ్ళు విప్పి చూశారు. సిపాయిల కింద నేల కదలడం లేదన్న సంగతి గోవర్ధన్ తర్వాత చెప్పాడు.

అక్కణ్ణించి ఒడ్డున రాయి మీద కూచున్న ఒక ఆడబొమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ప్రపంచమంతా వచ్చి చూసే బొమ్మట. చూసి, ఇంతేనా అని నిట్టూర్చి వెళ్ళిపోతారట. రైతులు మాత్రం అక్కణ్ణించి కదల్లేదు. బొమ్మ చిన్నది, వెనకాల అంతా నీళ్ళు. గోవర్ధన్ కొలిచి అర సెంటన్నాడు. అర సెంటుకి అంత నిమ్మళంగా చూడగలిగింది మరొకటి దొరకదని చామంతమ్మ పోను నలభై మందీ బొమ్మ చుట్టూ గంటన్నర కూచున్నారు, బస్సు కూతేసినా లేవలేదు. ఇన్నేళ్ళలో ఈ బొమ్మని ఇంత ప్రేమగా చూసినవాళ్ళు లేరని గైడు పిల్ల కళ్ళు తుడుచుకుంది.

"ఏటిరా, అంత బావుందేటి?" అంది చామంతమ్మ.

"సిన్నదత్తా."

"అయితే బావున్నట్టే."

ఆ సాయంత్రానికి అతనికి ఎకరం ముప్ఫై ఎనిమిదిన్నర సెంట్లు మిగిలాయి.

భోజనాలప్పుడు వాళ్ళ బల్ల దగ్గరే ఒక జర్మనీ ముసలాయనా ఆయన భార్యా కూచునేవారు. ఎర్రగా, నిదానంగా ఉంటారు. పొద్దున్న టిఫినప్పట్నించీ అద్దాల్లోంచి ఊళ్ళు చూస్తూనే ఉండేవారు, కళ్ళు ఆర్పడం కూడా తక్కువే. చామంతమ్మ వాళ్ళకి చింతకాయ పచ్చడి వడ్డించింది. ఆయన తిని దగ్గి మళ్ళీ కావాలన్నాడు. అప్పలనర్సయ్య వాళ్ళని మూడు రోజులు గమనించి గోవర్ధన్‌ని అడిగాడు.

"బాబూ, ఆళ్ళు పొద్దస్తమానం సూస్తానే ఉన్నారు. ఆళ్ళది ఎంత పోనాది?"

"వాళ్ళు టికెట్టు కొనుక్కున్నారయ్యా," అన్నాడు గోవర్ధన్. "మీకు ఉచితం."

టాలిన్‌లో వీధులన్నీ గుండ్రాళ్ళు పరిచిన వీధులు. అప్పలనర్సయ్య తువ్వాలు రెండు మడతలు వేసి బిగించి కట్టుకుని, కుర్చీ తోస్తూ, చామంతమ్మ చెప్పినట్టు నడిచాడు. "కుడి పక్కన గోడున్నాది, సల్లదనం తగుల్తంది. ఎడమకి రా. ముందర ఎవులో బూట్లేసుకుని నడుస్తన్నారు, ఆగు. ఇప్పుడు నడు." గుడ్డిది చూపిస్తుంటే కళ్ళున్నవాడు తోస్తున్న ఆ కుర్చీని చాలామంది ఫొటోలు తీసుకున్నారు. గోడలూ బురుజులూ దాటేదాకా ఒక్క సెంటు పోలేదు. గోవర్ధన్ మొహం మాడింది, అతనికీ రోజుకింత అని లక్ష్యం ఉంటుంది. అంతలో కుర్చీ ముందు చక్రం రెండు రాళ్ళ సందులో దిగబడి అత్త ముందుకు తూలింది. అప్పలనర్సయ్య తువ్వాలు లాగేసి ఆవిణ్ణి పట్టుకున్నాడు. ఆవిడకి దెబ్బ తగల్లేదు. చుట్టూ నాలుగువైపులా పాతకాలం నాటి మేడల మధ్య పెద్ద చౌకు, నలభై ఏడు సెంట్లు.

"నన్నొదిలేయవలిసిందిరా," అంది చామంతమ్మ. "మోకాలు సిప్ప ఎంత, రెండు నెలల్లో అతుక్కుంటాది."

హెల్సింకీకి వచ్చేసరికి అతని దగ్గర తొంభై ఒకటిన్నర సెంట్లు ఉన్నాయి. అతను ఇంకా ధైర్యంగానే ఉన్నాడు. అక్కడి రేవు ఒడ్డునే సంత. తువ్వాలు కింద చీకట్లో చేపల వాసన, కాఫీ వాసన, తడిసిన ఉన్ని వాసన దాటుకుంటూ కుర్చీ తోస్తున్నాడు. చామంతమ్మ చెయ్యెత్తి ఆపింది.

"నర్సిగా. జీడిపప్పు ఏపుతున్నారు."

అతనికీ తగిలింది ఆ వాసన. చామంతమ్మ పలాస జీడి బట్టీల్లో నలభై ఏళ్ళు పిక్కలు కొట్టిన మనిషి. జీడి సొన అంటిన అరచేతులు ఇప్పటికీ నల్లగానే ఉంటాయి. అతను పుట్టింది జీడిచెట్ల కింద.  ఇంత దూరం వచ్చి ఊళ్ళ మీద ఊళ్ళు దాటుతుంటే, వాళ్ళకి తెలిసిన వస్తువు ఎదురవడం ఇదే మొదటిసారి.

"గుండో బద్దో సూసి సెప్పరా."

"సూస్తే పోతాది కదత్తా."

"పెనంలోకే సూడు. పెనమెంత, మూరెడు."

మాట సబబుగానే ఉంది. జీడిపప్పు కనబడితే నిండు గుండో విరిగిన బద్దో చూడకుండా దాటిపోవడం ఆ కుటుంబంలో ఎవరికీ చేతకాదు. అప్పలనర్సయ్య ఒక కన్ను మాత్రం, అదీ సగం, తెరిచాడు. పెనం వెనక అమ్మేవాడు తలుపంత మనిషి అడ్డంగా ఉన్నాడు గనక వాడి చొక్కా తప్ప మరేం కనిపించలేదు. పెనంలో పంచదార పట్టిన పప్పు. అన్నీ గుండ్లే, బద్ద ఒక్కటి లేదు.

"గుండే అత్తా! మొదటి రకం!"

ఎవడో విదేశీయుడు తన పప్పు చూసి అంత సంబరపడ్డం ఆ అమ్మేవాడికి ఎప్పుడూ ఎదురుకాలేదు. వాడు నవ్వి, రుచి చూడమని గరిటెడు పప్పు తీసి, పెనం వెనక నుంచి పక్కకి జరిగి చెయ్యి చాచాడు. వాడు నిలబడ్డచోట సంత మొత్తం, వెనక రాతిమేడలు, మేడల పైన తెల్లటి గుడి, గుడి ముందు మెట్లు, అన్నీ ఒక్కసారి అప్పలనర్సయ్య సగం కంట్లోకి వచ్చిపడ్డాయి. గోవర్ధన్ వెనక నుంచి అరవైమూడు అన్నాడు.

చామంతమ్మ ఒక గుండు నోట్లో వేసుకుని నమిలింది. "మనది కాదురా. ఎక్కడిదో. కమ్మదనం నేదు."

ఫోను మోగింది. "పడమటి రాయి నుయ్యి దాటెల్లిపోనాది," అంది దాలమ్మ. "ఈపాలి ఏటి సూసినావు?"

అప్పలనర్సయ్య అబద్ధం ఆలోచించాడు గానీ దొరకలేదు. "జీడిపప్పు."

అటు వైపు దాలమ్మ రాయి నుంచి రాయికి అడుగులు లెక్కపెట్టడం వినిపించింది.

"ఇరవై ఎనిమిదిన్నర ఉన్నాది," అంది చివరికి. "ఇంక నువ్వు మాటాడకు. ఏదీ వాసన కూడా సూడకు."

స్టాక్‌హోమ్‌లో అతను ఓడ దిగనన్నాడు. దిగకపోతే ఓడ పైకప్పు మీద నిలబెట్టి చూపిస్తారు, పైనుంచైతే పద్నాలుగు దీవులు కనిపిస్తాయి, అంతా కలిపి ఎనభై ఎకరాలు అని గోవర్ధన్ ఓపిగ్గా వివరించాడు. దిగాడు. కళ్ళు మూసుకున్నాడు, పైన తువ్వాలు కట్టుకున్నాడు, దాని మీద చామంతమ్మ ఉన్ని శాలువా చుట్టింది. ఒక పెద్ద షెడ్డులోకి తీసుకెళ్ళారు. లోపల నాలుగొందల ఏళ్ళ నాటి కర్ర ఓడ ఉందని, రాజుగారు తానే కొలతలిచ్చి కట్టించారని, అడివంతా నరికించారని గైడు చెబుతుంటే ఎవరూ తలెత్తలేదు. నలభై మంది రైతులు కళ్ళకి తువ్వాళ్ళు బిగించి, తలలు దించుకుని గోడ పక్కన నిలబడ్డారు.

"మరి ఏ దేశం ఎల్లినాదది?" అంది చామంతమ్మ.

ఎక్కడికీ వెళ్ళలేదని గైడు చెప్పింది. మొదటి రోజు మేళతాళాలతో బయల్దేరి, రేవు కూడా దాటకుండానే, ఊరంతా చూస్తుండగా పక్కకి ఒరిగి మునిగిపోయింది. మూడొందల ఏళ్ళ తర్వాత పైకి తీసి ఇక్కడ పెట్టారు. తప్పెవరిదని విచారణ చేశారు. కొలతలిచ్చింది రాజుగారు కాబట్టి ఎవరి తప్పూ తేలలేదు.

 తర్వాత ఎవరో తువ్వాలు విప్పిన చప్పుడు. తర్వాత అందరూ. సర్కారు వాళ్ళ సొమ్ము సర్కారు చేతులమీదుగా మునిగిపోవడం ఎలా ఉంటుందో, ఎంత భూమి పోయినా సరే, ఒకసారి కళ్ళారా చూడాలని నలభై మందికీ అనిపించింది. గోవర్ధన్ మనిషికి పన్నెండు సెంట్లన్నాడు. ఒక్కడు బేరమాడలేదు. ఆ పదకొండు రోజుల్లోనూ పరిహారం అందినట్టు వాళ్ళకి అనిపించింది అప్పుడే.

అప్పలనర్సయ్య పదహారున్నర సెంట్లతో ఇల్లు చేరాడు. పది కంటే ఆరున్నర ఎక్కువ. జాబితాలో రైతుగా మిగిలినవాళ్ళు ముగ్గురే, అందులో అతనొకడు. దాలమ్మ ఆ రాత్రి చేపల పులుసు పెట్టింది. పదహారున్నర సెంట్లలో తొమ్మిది జీడిచెట్లు, రెండు పనసచెట్లు. అతను రోజూ వెళ్ళి వాటిని లెక్కపెట్టుకునేవాడు. సొంత భూమిని చూస్తే ఏమీ తగ్గదు, అది రూలు.

చామంతమ్మ తొమ్మిదెకరాలూ తొమ్మిదెకరాలుగానే ఉన్నాయి. ఆవిడకి చూసినట్టు రసీదులు నాలుగూ ఖాళీగా వచ్చాయి. లోకనాథం వాటిని లామినేషన్ చేయించాడు. రేవు పని మొదలవగానే ఆ తొమ్మిదెకరాల చుట్టూ నిలువెత్తు ఆకుపచ్చ రేకులు కొట్టించాడు. ఎందుకని అడిగితే గాలి కోసమన్నాడు.

ఏడు నెలలకి రేవు తయారైంది. మొదటి ఓడ వస్తోందని ఊరంతా గోడలకి సున్నం కొట్టారు. గోవర్ధన్ పొద్దున్నే అప్పలనర్సయ్య తోటకి వచ్చి, కొలతల పుస్తకం తెరిచి, నీడలో నిలబడ్డాడు.

"ఏటి బాబూ, ఈయాల ఇటొచ్చారు? నాను ఏ ఊరూ ఎల్లనేదే?"

"వాళ్ళొస్తున్నారు కదా. చూస్తారు. కొలవాలి."

"ఆళ్ళు సూస్తే ఆళ్ళది పోవాలి కదా?"

"వాళ్ళకి ఈ మండలంలో భూమి లేదు కదయ్యా," అన్నాడు గోవర్ధన్. "లేనివాడి దగ్గర ఎక్కడ తగ్గిస్తాం? చూసినవాడికి లేకపోతే చూడబడినవాడి ఖాతాలో తగ్గుతుంది. నాలుగో పేరా."

"మరి మాము ఆళ్ళూరెల్లినప్పుడు?"

"మీకు ఉంది కదా, అందుకే తగ్గింది."

అప్పలనర్సయ్య దీన్ని రెండు వైపుల నుంచీ ఆలోచించాడు. ఎక్కడా పొరపాటు కనబడలేదు. తామూ రేకులు కొట్టుకుంటామన్నాడు. ఇరవై సెంట్ల లోపు కమతానికి రేకుల అనుమతి లేదని గోవర్ధన్ చెప్పాడు.

పదకొండు అంతస్తుల ఓడ సరుగుడు తోపుల మీదుగా కనిపించింది. దిగినవాళ్ళు గొడుగులతో, టోపీలతో, కొత్త సిమెంటు బాట మీద వరసగా వచ్చారు. ఒక పక్క ఆకుపచ్చ రేకులు, ఒక పక్క సముద్రం. చూడ్డానికి మధ్యలో మిగిలింది అప్పలనర్సయ్య తోటే. వాళ్ళలో పచ్చడి తిన్న జర్మనీ ముసలాయనా ఆయన భార్యా ఉన్నారు. ఆయన గుర్తుపట్టి రెండు చేతులూ ఊపి, ఆగి, తోటని మనసారా చూశాడు. ఆయన చూపులో ఏ దురుద్దేశమూ లేదు. తూర్పు రాయి లేచి నడిచింది.

"కళ్ళు మూసుకో," అన్నాడు అప్పలనర్సయ్య పెళ్ళాంతో, అలవాటుగా.

"మనం మూసుకుంటే ఏటౌతాది?" అంది దాలమ్మ. "సూసేది ఆళ్ళు కదా."

ఇద్దరూ కళ్ళు తెరుచుకునే నిలబడ్డారు. నాలుగు రాళ్ళూ నాలుగువైపుల నుంచీ మెల్లగా వచ్చి, పనసచెట్లు దాటి, వాళ్ళిద్దరి రెండు జతల పాదాల దగ్గర, ఒకదానికొకటి తగిలి ఆగాయి. గోవర్ధన్ చూడబడినట్టు రసీదు చింపి ఇచ్చాడు. ఈ రసీదు గులాబీ రంగుది.

వారం తిరక్కుండా లోకనాథం కబురుపెట్టాడు. రేవులో యాత్రికులకి ఊరు చూపించే కాంట్రాక్టు అతనికే వచ్చింది. "అదే సోటు, అదే సెట్టు కింద నిలబడి జీడిపప్పు ఏపు. ఓడొచ్చిన రోజున పదింటి నుంచి నాలుగింటి దాకా. పంచి కట్టుకోవాలి, పేంటు పనికిరాదు. నీకు కొత్తగా మారిందేటిరా తమ్ముడూ?" మారిందేమిటో అప్పలనర్సయ్య చెప్పడానికి ప్రయత్నించాడు గానీ, పేరాల నంబర్లు తెలియక ఊరుకున్నాడు. చామంతమ్మ పక్కనే పీట వేసుకుని కూచుని గుండ్లూ బద్దలూ వేళ్ళతో వేరుచేస్తుంది. అచ్చేసిన కాగితంలో వాళ్ళది నాలుగో నంబరు దృశ్యం.

అప్పుడప్పుడు, పప్పు కలుపుతూ, ఎదురుగా నిలబడ్డ యాత్రికుణ్ణి అతను బూట్ల దగ్గర్నించి టోపీ దాకా రెప్ప వెయ్యకుండా చూస్తాడు, అవతల వాడికి ఏదైనా తగ్గుతుందేమోనని. వాడు నవ్వి ఫొటో తీసుకుంటాడు. అతనూ నవ్వుతాడు, ఆ నవ్వు కాంట్రాక్టులోదే. మండలాఫీసు రిజిస్టరులో అతని పేరు ఇప్పటికీ ఉంది, ఒకే ఒక్క వరసలో: బమ్మిడి అప్పలనర్సయ్య, ఈదులగెడ్డ, చూసినది రెండెకరాల ఇరవైన్నర సెంట్లు, చూడబడినది పదహారున్నర సెంట్లు, వెరసి రెండెకరాల ముప్ఫై ఏడు సెంట్లు.